ఎవరి పక్షమూ కాని ఉద్యోగం

అంపైర్ విషయంలో ఆటగాళ్లకూ ప్రేక్షకులకూ రెండు రకాల అనుమానాలు ఉంటాయి: అతడు కావాలనే ఒక జట్టు వైపు మొగ్గుతాడేమో అన్నది మొదటిది కాగా, మొగ్గకపోయినా అతడి కన్ను మోసపోతుందేమో అన్నది రెండోది. ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ వాటి మందులు వేరు. పక్షపాతానికి విరుగుడు మనిషిని మార్చడమైతే, పొరపాటుకు విరుగుడు మనిషికి తోడుగా మరో కన్ను పెట్టడం. తెలుగువారికి తెలిసిన క్రికెట్‌లోనూ, అమెరికావారు ప్రాణంగా చూసుకునే బేస్‌బాల్‌లోనూ అంపైరింగ్ ఒక పూర్తికాలపు వృత్తిగా ఎదిగిన తీరును పక్కపక్కన పెట్టి చూస్తే, క్రికెట్‌ను ఎక్కువకాలం వేధించింది మొదటి అనుమానమనీ, బేస్‌బాల్‌ను వేధించింది రెండోదనీ తేలుతుంది. మొదటిదాన్ని వదిలించుకునే ప్రయత్నంలో ఒక హైదరాబాదీ అంపైర్‌కు చెప్పుకోదగ్గ పాత్ర ఉన్నప్పటికీ, ఆయన పేరు ఈనాటి తెలుగు క్రికెట్ అభిమానుల్లో చాలామందికి తెలియదు.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాల హైస్కూలు మైదానాల్లోనూ, కృష్ణగిరి చుట్టుపక్కల పంట తీసేసిన నల్లరేగడి చేలలోనూ ఎండాకాలం పొడుగునా సాగే క్రికెట్‌లో అంపైర్ అనేవాడు విడిగా ఉండడు. బ్యాటింగ్ చేస్తున్న జట్టులో ఇంకా వంతు రానివాడో, అప్పటికే ఔటై వచ్చినవాడో వికెట్ల వెనక నిలబడి బంతులు లెక్కపెడతాడు. తన జట్టువాడిని తానే ఔట్ అనాల్సిన పరిస్థితిలో అతడి నోట ఆ మాట సులభంగా రాదని రెండు జట్లకూ తెలుసు కనుక, ఆట మొదలయ్యేముందే ఎల్బీడబ్ల్యూ లేదని ఒప్పందం చేసుకుంటారు. బౌల్డ్, క్యాచ్, రనౌట్ మాత్రమే మిగులుతాయి. వైడ్ దగ్గర, రనౌట్ దగ్గర గొడవలు ఎలాగూ తప్పవు. చదువులేని ఏర్పాటులా కనిపించే ఈ ఒప్పందంలో నిజానికి ఎంతో లోకజ్ఞానం ఉంది: తటస్థుడైన మనిషి దొరకనప్పుడు, మనిషి విచక్షణ మీద పూర్తిగా ఆధారపడే తీర్పును ఆట నుంచే తొలగించారు. అంతర్జాతీయ క్రికెట్ మాత్రం తీర్పును తొలగించలేక, తటస్థుడిని వెతుక్కోవడానికి వంద ఏళ్లకు పైగా తీసుకుంది.

ఎల్బీడబ్ల్యూ ఎందుకంత చిక్కు తెచ్చిందో తెలియాలంటే అంపైర్ ఆ క్షణంలో ఏమేం చూడాలో ఒకసారి గమనించాలి. వికెట్లకు అడ్డంగా కాలు పెట్టి బంతిని ఆపిన బ్యాటర్‌ను ఔట్‌గా ప్రకటించే ఈ నిబంధన ప్రకారం, బౌలర్ వేసిన బంతి నోబాల్ కాకూడదు. అది లెగ్ స్టంప్‌కు బయట నేలను తాకి ఉండకూడదు. కాలికి తగిలేముందు బ్యాట్‌కు తగిలి ఉండకూడదు. బ్యాటర్ నిజంగా కొట్టే ప్రయత్నం చేసి ఉంటే, బంతి కాలికి తగిలిన చోటు ఆఫ్ స్టంప్ గీతకు బయట ఉండకూడదు. ఇవన్నీ దాటాక, కాలు అడ్డం లేకపోతే ఆ బంతి వికెట్లను తాకి ఉండేదేనా అన్నది తేలాలి. మొదటి నాలుగూ జరిగిపోయిన సంగతులు; చివరిది మాత్రం జరగనిది, జరిగి ఉండగలిగినది. అంటే అంపైర్ కళ్లతో చూసింది చెప్పడమే కాకుండా, చూడనిదాన్ని ఊహించి చెప్పాలి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలర్ చేతి నుంచి బ్యాటర్ దాకా చేరడానికి అర సెకను పడుతుంది. అంతకుముందే బౌలర్ ముందు పాదం గీత దాటిందా లేదా అని కిందికి చూసి, వెంటనే తలెత్తి బంతిని పట్టుకోవాలి. అంపైర్ కన్ను పాదం మీంచి బంతి మీదికి మారే ఈ కొద్దిపాటి వ్యవధిలోనే ఎన్నో పేరుమోసిన పొరపాట్లు జరిగాయి కనుకనే, 2020 నుంచి పెద్ద మ్యాచ్‌లలో ముందు పాదం నోబాల్ చూసే బాధ్యతను టీవీ తెర ముందు కూర్చునే మూడో అంపైర్‌కు క్రమంగా అప్పగించారు.

క్రికెట్‌లో మరో విశేషం ఉంది: ఫీల్డింగ్ జట్టు అప్పీలు చేస్తే తప్ప అంపైర్ ఎవరినీ ఔట్ ఇవ్వకూడదు. బంతి బ్యాట్ అంచుకు తగిలి కీపర్ చేతిలో పడిన చప్పుడు అంపైర్ చెవికి స్పష్టంగా వినబడినా, పదకొండు మందిలో ఒక్కడూ నోరు విప్పకపోతే అతడు వేలెత్తడు. ఈ నియమం వల్ల ప్రతి తీర్పూ ఒకరి అభ్యర్థనకు సమాధానం అవుతుంది. సమాధానం నచ్చని జట్టుకు, అడిగింది మనమే కదా అన్న ఆలోచన కంటే, ఇతడు ఎవరి మనిషి అన్న ఆలోచనే ముందు వస్తుంది.

ఆ ప్రశ్నకు క్రికెట్ చరిత్రలో 1986 సంవత్సరం రెండు రకాలుగా జవాబు చెప్పింది. ఆ ఏడాది సెప్టెంబరులో చెన్నై చేపాక్ మైదానంలో భారత్, ఆస్ట్రేలియాల మధ్య జరిగిన టెస్టు చివరి రోజు చివరి ఓవర్‌లో, స్కోర్లు సమానమై ఉండగా, ఆఖరి బ్యాటర్ మణీందర్ సింగ్ కాలికి గ్రెగ్ మాథ్యూస్ బంతి తగిలింది. బెంగళూరుకు చెందిన అంపైర్ వి. విక్రమ్‌రాజు వేలు పైకెత్తడంతో టెస్టు క్రికెట్ చరిత్రలో రెండోసారి మ్యాచ్ టైగా ముగిసింది. బంతి ముందు బ్యాట్‌కు తగిలిందన్నది భారత ఆటగాళ్ల వాదన. విక్రమ్‌రాజుకు అది రెండో టెస్టు మ్యాచ్. ఆ తర్వాత ఆయనకు మరో టెస్టు దక్కలేదు. ఆతిథ్య దేశం అంపైర్లు సొంత జట్టుకు సాయం చేస్తారన్న మాట ప్రపంచమంతటా వినిపిస్తున్న రోజుల్లో, సొంత జట్టు చివరి బ్యాటర్‌ను గెలుపుకు ఒక్క పరుగు దూరంలో ఔట్ ఇచ్చిన మనిషి ఈయన. తీర్పు తప్పో ఒప్పో వేరే సంగతి. పక్షపాతం అన్న ఆరోపణకు మాత్రం అందులో తావులేదు. అయినా నష్టపోయింది ఆయనే.

రెండు నెలలు గడవకముందే, నవంబరులో, పాకిస్తాన్ కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ పట్టుదల వల్ల లాహోర్‌లో వెస్టిండీస్‌తో జరిగిన టెస్టుకు ఇద్దరు భారతీయ అంపైర్లు వెళ్లారు. వారిలో ఒకరు ముంబైకి చెందిన పీలూ రిపోర్టర్, రెండోవారు హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి. ఆడుతున్న రెండు దేశాలకూ చెందని అంపైర్లు టెస్టు మ్యాచ్‌లో నిలబడటం, 1912లో ఇంగ్లండ్‌లో జరిగిన త్రికోణ పోటీని మినహాయిస్తే, అదే మొదటిసారి. పాకిస్తాన్‌లో పర్యటించిన జట్లన్నీ అక్కడి అంపైర్ల మీద ఫిర్యాదులతో తిరిగి వెళ్లడం ఇమ్రాన్‌కు నామోషీగా ఉండేది. తన జట్టు గెలిచినా అంపైర్లే గెలిపించారని లోకం అనుకుంటే ఆ గెలుపుకు విలువేముందన్నది ఆయన వాదన. భారత్, పాకిస్తాన్‌ల మధ్య సంబంధాలు ఎప్పుడూ అంతంతమాత్రమే అయినప్పుడు, తటస్థులుగా భారతీయులనే పిలవడంలో కొంత సాహసమూ, కొంత గడుసుతనమూ రెండూ ఉన్నాయని చెప్పాలి. ఆ మ్యాచ్‌లో పాకిస్తాన్ రెండో ఇన్నింగ్స్‌లో 77 పరుగులకే కుప్పకూలి, ఇన్నింగ్స్ పది పరుగుల తేడాతో ఓడింది. ఓటమికి అంపైర్లను తప్పుపట్టినవారు లేరు, అసలు ప్రయోగం ఉద్దేశం కూడా అదే.

రామస్వామి తన జీవితకాలంలో 26 టెస్టులకు, 43 ఒకరోజు అంతర్జాతీయ మ్యాచ్‌లకు అంపైర్‌గా పనిచేశారు. ఆ తరం భారతీయ అంపైర్లలో చాలామందికి ఇల్లు గడవడానికి వేరే ఉద్యోగమే ఆధారం. అంపైరింగ్ సెలవు పెట్టి చేసే పని. మ్యాచ్‌కు ఇచ్చే రుసుము ప్రయాణ ఖర్చులకు, భోజనానికి పోగా మిగిలేది తక్కువ. ఆ పరిస్థితుల్లో ఐదు రోజుల టెస్టుకు నిలబడేవారిని నిలబెట్టింది ఆట మీద ఆసక్తి ఒక్కటే అనుకోవడానికి వీల్లేదు. అంతర్జాతీయ అంపైర్ అన్న హోదాకు ఊరిలో, కార్యాలయంలో, క్లబ్బులో ఉండే గౌరవం కూడా అందుకు తోడయ్యేది.

లాహోర్ ప్రయోగం వెంటనే నియమంగా మారలేదు. మరుసటి ఏడాది డిసెంబరులో ఫైసలాబాద్ టెస్టులో ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ గ్యాటింగ్, పాకిస్తాన్ అంపైర్ షకూర్ రాణా మైదానం మధ్యలో వేలు చూపించుకుంటూ వాదులాడుకోగా, క్షమాపణ కావాలని అంపైర్ పట్టుబట్టడంతో ఒక రోజు ఆట మొత్తం ఆగిపోయింది. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగాక తటస్థ అంపైర్ల అవసరం గురించి మరింత గట్టిగా మాట్లాడుకోవడం మొదలైంది. 1994 నుంచి ప్రతి టెస్టులో ఒక అంపైర్ మూడో దేశం నుంచి ఉండాలన్న నియమం వచ్చింది. 2002లో అంతర్జాతీయ క్రికెట్ మండలి, అంటే ఐసీసీ, ప్రపంచంలోని మేలైన అంపైర్లను ఏరి పూర్తికాలపు ఒప్పందాలతో ఎలైట్ ప్యానెల్‌ను ఏర్పాటు చేసి, టెస్టులో ఇద్దరు అంపైర్లూ తటస్థులే కావాలని నిర్ణయించింది. అంపైరింగ్ అప్పటి నుంచే జీతం వచ్చే వృత్తి అయ్యింది. ఆ మొదటి జాబితాలో ఉన్న భారతీయుడు చెన్నైకి చెందిన మాజీ స్పిన్నర్ ఎస్. వెంకటరాఘవన్, ఆటగాడిగా భారత జట్టుకు నాయకత్వం వహించి, అంపైర్‌గా 73 టెస్టుల్లో నిలబడిన అరుదైన మనిషి.

బేస్‌బాల్‌లో ఇదంతా మొదటినుంచీ వేరే దారిలో నడిచింది. ఆ ఆటలో బౌలర్ స్థానంలో ఉండే పిచర్ 18 మీటర్లకు పైబడిన దూరం నుంచి బంతిని నేలకు తాకనివ్వకుండా విసురుతాడు. బ్యాటర్ ముందు నేలలో 43 సెంటీమీటర్ల వెడల్పున్న తెల్లని పలక ఒకటి ఉంటుంది. ఆ పలక మీదుగా, బ్యాటర్ మోకాలి కింది నుంచి ఛాతీ దాకా ఉన్న ఊహాచతురస్రంలోంచి బంతి పోతే, బ్యాటర్ కొట్టకపోయినా అది స్ట్రయిక్. బయట పోతే బాల్. మూడు స్ట్రయిక్‌లకు బ్యాటర్ ఔట్, నాలుగు బాల్స్‌కు అతడికి ఉచితంగా మొదటి గమ్యం, అంటే ఫస్ట్ బేస్. బంతిని పట్టే క్యాచర్ వెనక, ముఖానికి ఇనుప తొడుగు, ఛాతీకి కవచం, పాదాలకు ఉక్కు మొనలున్న బూట్లు వేసుకుని, వంగి కూర్చున్నట్లుగా నిలబడే అంపైర్, బ్యాటర్ వదిలేసిన ప్రతి బంతికీ ఎవరూ అడగకుండానే తీర్పు చెప్పాలి. క్రికెట్ అంపైర్ రోజంతటిలో పది పదిహేను గట్టి నిర్ణయాలు తీసుకుంటే, ఇతడు ఒక మ్యాచ్‌లో వందకు పైగా తీసుకుంటాడు. అన్నింటికీ దేశ, ప్రాంత భేదం అంటగట్టడం ఎవరికీ సాధ్యం కాదు కనుక, అక్కడి ప్రేక్షకుడు అంపైర్‌ను దొంగ అనడు, గుడ్డివాడు అంటాడు.

పక్షపాతం అన్న అనుమానానికి బేస్‌బాల్ వెతికిన విరుగుడు కూడా వేరే. అమెరికాలో మేజర్ లీగ్‌గా పిలిచే అగ్రశ్రేణి పోటీలో ప్రతి జట్టుకూ సొంత మైదానం ఉంటుంది. ఒక్కో జట్టు ఏటా ఆడే 162 మ్యాచ్‌లలో సగం అక్కడే జరుగుతాయి. అంపైర్లకు మాత్రం సొంత మైదానం లేదు. నలుగురు చొప్పున 19 బృందాలుగా ఉండే 76 మంది అంపైర్లు మార్చి నుంచి అక్టోబరు దాకా ఊరూరూ తిరుగుతూనే ఉంటారు; ఏ బృందమూ ఒక జట్టును వరసగా ఎక్కువ రోజులు చూడకుండా వంతులు వేస్తారు. ఆటగాడికి ఇంటి భోజనం సగం రోజులైనా దొరుకుతుంది. అంపైర్‌కు ఆ ఏడు నెలల్లో దొరికే సెలవు వారాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ 76 స్థానాల్లోకి చేరే దారి చాలా ఇరుకైనది. అంపైర్ శిక్షణ శిబిరాల్లో పాఠాలు, సాధన పూర్తిచేసినవారిలో కొద్దిమందిని ఎంపికచేసి కింది స్థాయి లీగ్‌లకు పంపుతారు. అక్కడ ఇద్దరే అంపైర్లు మైదానమంతా చూసుకుంటూ, బస్సుల్లో, అద్దె కార్లలో చిన్న ఊళ్ల మధ్య తిరుగుతారు. ఎ, డబుల్ ఎ, ట్రిపుల్ ఎ అన్న మెట్లు ఒక్కొక్కటీ ఎక్కడానికి ఏళ్లు పడుతుంది. పై మెట్టు మీద ఎవరైనా పదవీ విరమణ చేస్తే తప్ప ఖాళీ రాదు. కొంతకాలానికి పైకి వెళ్లే అవకాశం లేదని తేలినవారికి ఉద్వాసన చెబుతారు. పామ్ పోస్టెమా అనే మహిళ పదమూడేళ్లు ఆ లీగ్‌లలో పనిచేసి, చివరి మెట్టు దాకా చేరి, 1989లో ఉద్యోగం కోల్పోయింది. 2016లో మొదటి మెట్టు మీద అడుగుపెట్టిన జెన్ పావల్, 2025 ఆగస్టు 9న అట్లాంటాలో మేజర్ లీగ్ మ్యాచ్‌లో నిలబడి, ఆ స్థాయికి చేరిన మొదటి మహిళగా నిలిచింది. పైకి చేరినవారికీ భద్రత శాశ్వతం కాదని 1999లో తేలింది: యాజమాన్యాల మీద ఒత్తిడి తేవాలని అంపైర్ల సంఘం సామూహిక రాజీనామాల ఎత్తు వేయగా, యాజమాన్యాలు వాటిని నిజంగానే ఆమోదించేయడంతో 22 మంది ఉద్యోగాలు పోయాయి. ఇన్ని గండాల మధ్య, 1905 నుంచి 1941 దాకా, మేజర్ లీగ్‌లో భాగమైన నేషనల్ లీగ్‌లో నిలబడి, 18 వరల్డ్ సిరీస్‌లకు పనిచేసిన బిల్ క్లెమ్ వంటివారిని ఆ ఆట తన గౌరవ మందిరంలోకి ఆహ్వానించింది. 

పొరపాటు అన్న రెండో అనుమానానికి ఆ ఆటలో మరిచిపోలేని ఉదాహరణ 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో జరిగింది. పిచర్ ఆర్మాండో గలరాగా వరసగా 26 మంది బ్యాటర్లను ఒక్కరినీ గమ్యం చేరనివ్వకుండా పంపించాడు. 27వ వాడు కూడా ఔటైతే, బేస్‌బాల్ చరిత్రలో అతి కొద్దిమందికి మాత్రమే సాధ్యమైన సంపూర్ణ ఆట అవుతుంది. ఆ బ్యాటర్ మొదటి గమ్యానికి పరుగెత్తగా, బంతి ముందు చేరినా, అంపైర్ జిమ్ జాయిస్ అతడు సురక్షితం అని చేతులు చాచాడు. ఆట ముగిశాక టీవీలో చూసుకున్న జాయిస్, తన తప్పు వల్ల ఆ కుర్రవాడి రికార్డు పోయిందని విలేఖరుల ముందు ఒప్పుకుని, గలరాగాకు స్వయంగా క్షమాపణ చెప్పాడు. మరునాడు ఆటకు ముందు జట్టు జాబితాను అంపైర్‌కు అందించే పని గలరాగాకే అప్పగించగా, జాయిస్ కన్నీళ్లు తుడుచుకోవడం అందరూ చూశారు. నాలుగేళ్ల తర్వాత, 2014లో, ఇలాంటి నిర్ణయాలను టీవీ పునఃప్రసారంతో సరిచూసే విధానాన్ని మేజర్ లీగ్ విస్తృతంగా ప్రవేశపెట్టింది.

క్రికెట్‌లో యంత్రం ముందే వచ్చింది. 1992 నవంబరులో డర్బన్‌లో సచిన్ టెండూల్కర్ రనౌట్‌ను టీవీ అంపైర్ చూసి తేల్చడంతో మూడో అంపైర్ వ్యవస్థ మొదలైంది. 2008లో శ్రీలంక, భారత్ సిరీస్‌లో ప్రయోగించి, మరుసటి ఏడాది నియమంగా తెచ్చిన డీఆర్ఎస్, అంటే నిర్ణయ సమీక్షా విధానం, అంపైర్ తీర్పును ఆటగాడే సవాలు చేసే హక్కు కల్పించింది. ఆ హక్కు లేని చోట ఏం జరుగుతుందో 2017 జనవరి 29న నాగ్‌పూర్ టీ20లో కనిపించింది. ఆఖరి ఓవర్‌లో ఇంగ్లండ్‌కు ఎనిమిది పరుగులు కావలసి ఉండగా, భారత బౌలర్ బుమ్రా మొదటి బంతికే జో రూట్‌ను హైదరాబాద్‌కు చెందిన అంపైర్ సి. షంషుద్దీన్ ఎల్బీడబ్ల్యూగా ఔట్ ఇచ్చారు. బంతి బ్యాట్ లోపలి అంచుకు తగిలి ప్యాడ్ మీదికి వచ్చిందని టీవీలో తేలింది. ఆ రోజుల్లో టీ20లలో సమీక్ష లేదు. ఐదు పరుగుల తేడాతో ఓడిన ఇంగ్లండ్ కెప్టెన్ అంపైరింగ్ మీద బాహాటంగా అసంతృప్తి తెలపగా, తర్వాతి మ్యాచ్‌లో షంషుద్దీన్ మైదానంలోకి కాకుండా టీవీ అంపైర్ గదికి వెళ్లారు. ఆతిథ్య దేశపు అంపైర్, ఆతిథ్య దేశపు గెలుపు అన్న పాత అనుమానం మళ్లీ తలెత్తడానికి ఆ ఒక్క అంచు సరిపోయింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి టీ20లలోనూ డీఆర్ఎస్ వచ్చింది.

యంత్రం మొదటి అనుమానాన్ని కూడా ఎంతవరకు తగ్గించిందో కరోనా కాలం అనుకోకుండా పరీక్షించింది. విమానాలు ఆగిపోయిన 2020లో ఐసీసీ మళ్లీ ఆతిథ్య దేశాల అంపైర్లనే టెస్టులకు అనుమతిస్తూ, వారికి అనుభవం తక్కువ కావచ్చన్న ఆలోచనతో ఒక్కో ఇన్నింగ్స్‌లో జట్టుకు ఉండే సమీక్షలను రెండు నుంచి మూడుకు పెంచింది. 2021లో ఇంగ్లండ్ భారత పర్యటనలో టెస్టులకు భారతీయ అంపైర్లే నిలబడ్డారు. వారిలో ఇందోర్‌కు చెందిన నితిన్ మేనన్ తీర్పులను ఇంగ్లండ్ వైపు వారు కూడా మెచ్చుకున్నారు. సరిచూసే తెర పక్కనే ఉన్నప్పుడు అంపైర్ ఏ దేశంవాడన్న ప్రశ్నకు పదును తగ్గింది. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి తూకానికి ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక ముల్లు మీద గొడవ సద్దుమణిగినా, నాణ్యత చూసి ధర కట్టే చోట మనిషి చెయ్యి ఇంకా అవసరమైనట్లే, క్రికెట్‌లోనూ యంత్రం కొలవగలిగినది కొలిచి, మిగిలింది అంపైర్‌కే వదిలింది. బంతిలో సగానికంటే తక్కువ భాగమే వికెట్‌ను తాకుతుందని తెర చూపితే మైదానంలోని అంపైర్ మొదట ఏం చెప్పాడో అదే నిలబడుతుంది. వెలుతురు చాలదా, పిచ్ ప్రమాదకరంగా ఉందా, బంతి ఆకారం మారిందా, బౌలర్ భయపెట్టడానికే ఎత్తు బంతులు వేస్తున్నాడా అన్న ప్రశ్నలకు ఏ కెమెరా జవాబు చెప్పదు. అమెరికాలోనూ ఇదే పద్ధతి: 2026 నుంచి స్ట్రయిక్ తీర్పును సవాలు చేసే అవకాశం ఇవ్వాలని 2025 సెప్టెంబరులో మేజర్ లీగ్ నిర్ణయించినప్పుడు, ప్రతి బంతినీ యంత్రానికి అప్పగించకుండా, జట్టుకు రెండు సవాళ్లు మాత్రమే ఇచ్చి, పొరపాటును సరిదిద్దే వీలు పెట్టి అంపైర్‌ను అతడి చోట ఉంచారు.

భారతదేశంలో ఈ వృత్తిలోకి రాదలచినవారు తమ రాష్ట్ర క్రికెట్ సంఘం నిర్వహించే పరీక్షతో మొదలుపెట్టాలి. కర్నూలు జిల్లావారికి అది ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్. జిల్లా, రాష్ట్ర స్థాయి మ్యాచ్‌లలో కొంతకాలం నిలబడ్డాక, భారత క్రికెట్ నియంత్రణ మండలి, అంటే బీసీసీఐ, పరీక్షకు అర్హత వస్తుంది. ఆ పరీక్ష ఎంత కఠినమైనదో 2022లో అహ్మదాబాద్‌లో జరిగినప్పుడు దేశమంతటికీ తెలిసింది. మహిళల, జూనియర్ల మ్యాచ్‌లకు పనిచేసే వర్గం కోసం హాజరైన సుమారు 140 మందిలో ముగ్గురే ఉత్తీర్ణులయ్యారు. వంద మార్కులకు రాతపరీక్ష, మౌఖికం, వీడియో, శారీరక దృఢత్వ పరీక్షలు కలిపి మొత్తం రెండు వందలు. పెవిలియన్ నీడో, చెట్టు నీడో, ఫీల్డర్ నీడో పిచ్ మీద పడుతోందని బ్యాటర్ ఫిర్యాదు చేస్తే ఏం చేయాలన్నది ఆనాటి ప్రశ్నల్లో ఒకటి. పెవిలియన్, చెట్ల నీడలను పట్టించుకోనవసరం లేదు. ఫీల్డర్‌ను మాత్రం కదలకుండా నిలబడమని చెప్పాలి, కదిలితే ఆ బంతిని డెడ్ బాల్‌గా ప్రకటించవచ్చు. నిబంధనల పుస్తకం బట్టీపట్టినవాడు మొదటి సగం చెప్పగలడు. మైదానంలో బ్యాటర్ దృష్టిని చెదరగొట్టేదేమిటో తెలిసినవాడే రెండో సగం చెప్పగలడు. ఉత్తీర్ణులైనవారు వర్గాల వారీగా పైకి ఎదుగుతారు. అదే ఏడాది నాటి రుసుముల ప్రకారం దేశవాళీ మ్యాచ్‌లకు పై వర్గాలవారికి రోజుకు 40,000 రూపాయలు, కింది వర్గాలవారికి 30,000 రూపాయలు. రామస్వామి కాలంతో పోల్చితే ఇది వేరే లోకం. మహిళలకూ దారి తెరుచుకుంటోంది: 2023 జనవరిలో వృందా రాఠీ, జనని నారాయణన్, గాయత్రి వేణుగోపాలన్ రంజీ ట్రోఫీలో అంపైర్లుగా నిలబడ్డారు. అంతకంటే ముందే, రాజమహేంద్రవరంలో పుట్టి ఆంధ్రకు ఆడిన జి.ఎస్. లక్ష్మి, అంపైర్ల పైన ఉండే మ్యాచ్ రెఫరీ హోదాలో, 2019లో ఐసీసీ అంతర్జాతీయ ప్యానెల్‌లో చేరిన మొదటి మహిళగా నిలిచి, అదే ఏడాది డిసెంబరులో పురుషుల ఒకరోజు మ్యాచ్‌ను కూడా పర్యవేక్షించారు.

యంత్రాలు వచ్చినా తటస్థత అన్న పాత పట్టుదల వదులుకోలేదనడానికి 2020 మార్చిలో రాజ్‌కోట్‌లో జరిగిన రంజీ ఫైనల్ మంచి నిదర్శనం. సౌరాష్ట్ర, బెంగాల్‌ల మధ్య జరిగిన ఆ మ్యాచ్ మొదటి రోజునే, వికెట్ పడిన సందర్భంలో ఒక బెంగాల్ ఫీల్డర్ విసిరిన బంతి పొత్తికడుపుకు తగిలి, మైదానంలో అంపైర్‌గా ఉన్న షంషుద్దీన్ ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. మరునాడు ఉదయం ఆయన మైదానంలోకి రాలేకపోయారు. చేతిలో స్థానిక అంపైర్ ఒకరు ఉన్నా, ఆడుతున్న జట్టు ప్రాంతంవాడు బౌలర్ వైపు వికెట్ల వెనక నిలబడకూడదన్న నియమం వల్ల, ఆయనను పక్క నుంచి చూసే స్క్వేర్ లెగ్ స్థానానికి మాత్రమే పరిమితం చేశారు. రెండో అంపైర్ కె.ఎన్. అనంతపద్మనాభన్, ఒక ఓవర్ ముగియగానే మైదానం రెండో చివరికి నడిచి వెళ్లి, భోజన విరామం దాకా రెండు వైపులా తానొక్కరే ఔట్లు తేల్చారు. భోజనం తర్వాత టీవీ అంపైర్ ఎస్. రవి కిందికి దిగి మైదానంలోకి రాగా, నొప్పితోనే ఉన్న షంషుద్దీన్ ఆయన కుర్చీలో, తెర ముందు కూర్చున్నారు. మూడో రోజుకు యశ్వంత్ బర్డే అనే మరో తటస్థ అంపైర్‌ను విమానంలో రప్పించారు. సౌరాష్ట్ర మొదటి ఇన్నింగ్స్‌లో 44 పరుగుల ఆధిక్యంతో తన తొలి రంజీ ట్రోఫీని గెలుచుకుంది.